నా పరీక్ష, లలిత చేతిరాత

ఏప్రిల్ 26

నల్ల స్కెచ్ పెన్ను దొరికింది. దీంతో పెద్దగా రాస్తేనే నా రాత నాకు కనిపిస్తుంది. పేజీకి ఆరు లైన్లు. పరీక్షలో ఇలా రాస్తే దిద్దేవాళ్లు నవ్విపోతారు.

రెండేళ్లు నా పరీక్షలు రాసిపెట్టిన రజిత ఇక పనికిరాదట. తనూ డిగ్రీలో చేరింది కదా... నాకంటే కింది చదువు వాళ్లే రాయాలి. "ఇంటర్ పిల్లను తెచ్చుకోమ్మా, గంతే" అన్నాడు కాలేజీ ఆఫీసు సారు. సంతలో కూరగాయలు తెచ్చుకోమన్నట్టు.

ఏప్రిల్ 29

ఇక్కడ కేసముద్రంలో ఇద్దరు ఇంటర్ పిల్లలను అడిగాను. ఒకామె సెలవులకు హైదరాబాద్ పోయింది. ఇంకొకామె తల్లి — "మా పిల్ల మీద కేసైతే ఎవలు జవాబు?" కేసేమిటి తల్లీ!

ఆఖరి సెమిస్టర్. ఇది గట్టెక్కితేనే బీఎడ్. లేకపోతే ఏడాది ఇంట్లో.

మే 2

అమ్మ కురవి పోయి లలితను ఒప్పించి వచ్చింది. చిన్నమ్మ కూతురు. ఇంటర్ మొదటి సంవత్సరం అయింది. "నువ్వు చెప్పక్కా, నేను రాస్త. నీ ఫస్ట్ క్లాస్ ఏడికి పోతది?" అంది ఫోన్లో. ఏడుపొచ్చింది.

మే 7

మొదటి పేపర్. మహబూబాబాద్ కాలేజీలో మా ఇద్దరికీ ఆటసామాన్ల గది ఇచ్చారు. ఎలుకల కంపు. నేను గొంతెత్తితే ఇన్విజిలేటర్ — "మెల్లగ చెప్పు, పక్క రూముకు ఇనవడుతది." మెల్లగా చెబితే లలితకు వినపడదు. బెల్లు కాగానే పేపర్ లాక్కోబోయాడు. నాకు అదనపు టైముందని ఆర్డర్ చూపిస్తే, "గీ రూల్స్ మాకెవ్వలు చెప్పలే" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు.

అయినా బాగా రాశాం.

మే 9

రెండోదీ బాగుంది. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

మే 12

అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

మూడో పేపర్. ఈసారి ఇన్విజిలేటర్ కొత్త మేడం. చివర్లో జవాబు పత్రం తీసుకుని, తెరిచి, ఆగిపోయింది. "గిదేంది? ఎవలు రాసిన్రు?"

మొదటి పేజీ పైన — ఓం శ్రీ వీరభద్రాయ నమః.

లలితకు బడిలో చేరిన నాటి అలవాటు. నోటుబుక్కయినా పరీక్షయినా కురవి స్వామి పేరు పెట్టందే పెన్ను కదలదు. జవాబు పత్రం మీద దేవుడి పేరుంటే కాపీ కొట్టినంత నేరమట. హాల్‌టికెట్ వెనక ఉందట. ఆ చీమతల అక్షరాలు నాకేం కనిపిస్తాయి?

"నేను రాయలే మేడం. నాకు కనవడది."

"పేపర్ నీదే కదా. నువ్వే చూసుకోవాలె."

నేను చూసుకోవాలట! నేను!

పేపర్‌ను విడిగా కవర్లో పెట్టి సీలు వేశారు. బస్సులో లలిత ఒకటే ఏడుపు. "నీకు మంచిగ కావాలనే రాసినక్కా."

"ముందటి రెండు పేపర్లల్ల?"

బస్సు దిగేముందు అంది — "అన్నిట్ల రాసిన."

మే 13

పొద్దున ఫోన్లో లలిత మీద అరిచాను. పెట్టేశాక నా నోటిని నేనే తిట్టుకున్నాను. నా మేలు కోరిన పిల్ల అది. మరి ఎవరిని తిట్టాలి? ఆ స్వామినా?

ప్రిన్సిపాల్ సారు — "జర ఓపిక పట్టమ్మా, కాపీ కేసులు చూసే కమిటీ పిలుస్తది. అందాక ఆఖరి పేపర్ రాయి." ముందు రెండు పేపర్ల సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే మూడూ పోతాయి. చెప్పకపోతే దిద్దేవాళ్లు చూడరా... "నోరు మూసుకొని ఉండు బిడ్డా" అంటోంది అమ్మ. అన్నం సయించడం లేదు.

మే 14

రేపే ఆఖరి పేపర్. లలిత రానంటోంది. "మల్ల ఏమన్న తప్పు జేస్తనేమో. నాతోని కాదక్కా." నిన్న అరిచిన నోటితోనే ఇవాళ బతిమాలాను. సిగ్గు లేదు నాకు. సిగ్గుపడితే ఎవరు రాస్తారు?

మే 15

వచ్చింది. అదే గది. జవాబు పత్రం ఇచ్చి ఇన్విజిలేటర్ గుమ్మం దగ్గరికి పోయాడు. వెంటనే పెన్ను కదిలిన చప్పుడు. నేనింకా ఒక్క ముక్కా చెప్పలేదు.

"ఏం రాస్తున్నవ్?"

"హాల్‌టికెట్ నంబరక్కా."

"లోపల, మొదటి పేజీ పైన?"

"ఏం రాయలే. అవ్వ మీద ఒట్టు."

కాగితం ముక్కుకు ఆనించుకుని చూశాను. తెల్లటి మసక. సన్న పెన్ను గీత ఉన్నా నాకు తెలియదు. సారును పిలిచి చూడమందామా? ఏం చూడాలమ్మా అంటే ఏం చెప్పను? ముందు పేపర్లదీ బయటపడుతుంది. లలిత గాజులు సన్నగా చప్పుడవుతున్నాయి.

కాగితం దాని ముందుకు జరిపాను.

"ఫస్ట్ క్వశ్చన్ చదువు" అన్నాను.