జి లేని జి నైన్

మార్చి 3, మంగళవారం, సాయంత్రం

చెల్లి మళ్ళీ లైబ్రరీకి వెళ్ళింది. ప్రతి మంగళవారం వెళ్తోంది. ఒక్క పుస్తకమూ తేవడం లేదు.

బావ పోయాక నా దగ్గరికే వచ్చేసింది. నేనా, పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి. పగలు నేను వేబ్రిడ్జిలో లారీలు తూస్తాను, అది మందుల షాపులో కూర్చుంటుంది. ఆదివారం డ్రైక్లీనింగ్ షాపు మీది అంతస్తులో మా ప్రార్థన మందిరం. వాక్యం నాది, హార్మోనియం దానిది. నన్ను ఏ కాలేజీ తయారు చేయలేదు. గ్రంథం చేతిలో, మోకాళ్ళు నేల మీద, అంతే నా చదువు.

మంగళవారం సాయంత్రం ఇంట్లో వాక్య పాఠం చెప్పేవాణ్ణి. వినడానికి అదొక్కతే ఉండేది. ఇప్పుడు భుజానికి బుల్లి గిటార్ తగిలించుకుని పోతోంది. యుకులేలే అట. నాలుగు తీగలు. చూస్తే పిల్లల బొమ్మలా ఉంది.

బొమ్మలా కనిపించేవాటినే ముందు తూకం వేయాలి.

మార్చి 5

టైలర్ చెప్పాడు. మందిరంలో ముందు వరుస మనిషి. కొలతలు తీసుకుంటూనే వీధి వీధంతా కొలిచేస్తాడు. లైబ్రరీ వెనక గదిలో పది మంది చేరి జాజ్ పాట వాయిస్తున్నారట. టోపీ పెట్టుకున్న పెద్దాయనొకడు దగ్గరుండి కుర్చీలు సర్దుతున్నాడట. మన హార్మోనియం అక్క ఆయనతో నవ్వుతూ మాట్లాడుతోంది బ్రదర్, నాకెందుకులే గానీ, అన్నాడు. నాకెందుకులే అన్నవాడు సగంలో ఆగుతాడా? త్వరలో ఇంకో క్లాసు పెడుతున్నారు బ్రదర్, ఆదివారం పొద్దున, అన్నాడు.

ఆదివారం పొద్దున.

నడుము కొలత రెండోసారి తీసుకున్నాడు. ఊపిరి వదలండి బ్రదర్, బిగబట్టారు, అన్నాడు.

మార్చి 6

ఆ టోపీ ఆయన ఎవరని అడిగాను. లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు అన్నయ్యా, అంది. అంతేనా అన్నాను. మోకాలి నొప్పి కూడా ఉంది పాపం, అదీ రాసుకో, అంది.

రాసుకున్నాను.

ఆదివారం సంగతి ఎత్తలేదు. లారీ తూకం మీదికి ఎక్కకముందే డ్రైవర్ని నిలదీస్తే వాడు వెనక్కి తీసుకుపోతాడు.

మార్చి 8, ఆదివారం

హార్మోనియం బాగా వాయించింది. ఎన్నడూ లేనంత బాగా. ఎందుకు?

మార్చి 10, మంగళవారం, సాయంత్రం 6

అది వెళ్ళాక చూశాను, భోజనాల బల్ల మీద ఒక కాగితం ఉంది. దాచలేదు. దాచకపోవడం కూడా దాచడంలో ఒక రకమే. టైపు చేసి ఉంది. ఒక పాత జాజ్ పాటకు హార్మొనీ విశ్లేషణ, యుకులేలే వాయించేవాళ్ళ కోసం. కింద రాసినవాడి పేరు లేదు. పేరు పెట్టుకోని బోధకుడంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వాడికి చెప్పడం వచ్చు. ఈ పాటకు సి స్వరమే ఇల్లు అట, మొదలూ చివరా అక్కడే. సి సిక్స్ కార్డ్‌తో, అంటే కలిసి మోగే స్వరాల గుంపుతో, మొదలు. యుకులేలే మీద దానికి వేలే పెట్టక్కర్లేదు, నాలుగు తీగలూ ఉత్తినే మీటడమే. అక్కణ్ణుంచి ఎ సెవెన్. ఇక్కడ సి కాస్తా సి షార్ప్ అవుతుంది, అది ఇంట్లో లేని స్వరం, గుమ్మం దాటామని చెవికి తెలిసేది దానివల్లే అట. తర్వాత డి మైనర్ సెవెన్, జి నైన్, మళ్ళీ సి. పోయి రావడం. ఇంతవరకు నేనూ ప్రసంగం చేయగలను దీని మీద, తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు గురించి.

మధ్య భాగం దగ్గర వాడు దొరికాడు. ఇ సెవెన్, ఎ సెవెన్, డి సెవెన్, జి సెవెన్. ఒక్కో కార్డ్ ఇల్లు పక్క వీధిలోనే అంటుందట. తీరా పక్క వీధికి వెళ్తే అదీ అదే మాట అంటుందట. ఇలా తిప్పి తిప్పి తెస్తేనే చివర్లో ఇల్లు తియ్యగా ఉంటుందని రాశాడు.

ఇలా అడ్రసు చెప్పేవాళ్ళు నాకు బాగా తెలుసు. అరవై టన్నుల లారీతో సహా మనిషి మాయమైపోతాడు.

మార్చి 11, పొద్దున

కాఫీ దగ్గర ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, ఆ సెవెన్ కార్డుల్లో అంత ఏముందని. చెల్లి ముఖం వెలిగిపోయింది. జి సెవెన్‌లో బి, ఎఫ్ రెండూ ఒకదానికొకటి పడవు అన్నయ్యా, ఒకే గదిలో ఉంచిన తోడికోడళ్ళలాగా, అంది. బి ఒక మెట్టు పైకి జరిగి సి అవ్వాలి, ఎఫ్ ఒక మెట్టు కిందికి దిగి ఇ అవ్వాలి, అప్పుడు గానీ వినేవాడి ప్రాణం కుదుటపడదు, అంది. చెంచాతో కప్పు మీద కొట్టి వినిపించబోయింది కూడా.

ఇంత బాగా ఎవరు నేర్పారే నీకు, అన్నాను.

చెంచా ఆగింది. నా కప్పు కూడా తీసుకుని లేచి వెళ్ళిపోయింది. అందులో ఇంకా సగం ఉంది. అచ్చం పట్టుబడ్డ డ్రైవర్ చూపు.

మార్చి 12

మోసం దొరికింది.

ఒక వచనాన్ని ఇంకో వచనంతో సరిచూడకుండా నేను ఏదీ నమ్మను. ఈ కాగితాన్నీ అలాగే పట్టుకున్నాను. చెల్లి షాపు నుంచి వచ్చేలోపు మందిరంలో హార్మోనియం ముందు కూర్చుని, కాగితం మీది బొమ్మలో వేలు ఎక్కడ చూపించాడో చూసుకుంటూ, ఒక్కో తీగకు ఏ స్వరం వస్తుందో లెక్క కట్టాను. జి నైన్ అన్నాడు. నాలుగు తీగల మీద వచ్చేవి ఎ, డి, ఎఫ్, బి.

జి ఏది?

మళ్ళీ చూశాను. లేదు. జి అని పేరు పెట్టి జి లేకుండా వాయించమంటున్నాడు. అంతకుముందున్న డి మైనర్ సెవెన్‌కీ దీనికీ తేడా ఒక్క వేలు, ఒక్క ఫ్రెట్, అంటే తీగ కింద ఒక్క గడి. అంతలోనే పేరు మారిపోయింది. డి సెవెన్‌కి రెండు వేళ్ళతో సులువైన పద్ధతి ఇచ్చాడు, అందులో డి లేదు. బిల్లులో సరుకుంది, లారీలో లేదు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి బిల్లుల్నే కదా నేను వెనక్కి కొడుతున్నది.

అమాయకురాలు, నాలుగు తీగలవాడి చేతిలో పడింది.

మార్చి 15, ఆదివారం

బతికున్నావన్న పేరు మాత్రం మిగిలిన సంఘం గురించిన భాగం తీశాను. ఆత్మ నన్ను పట్టుకుంది. గంటన్నర. మొదట మామూలుగానే వెళ్ళాను, తర్వాత జేబులోంచి కాగితం తీశాను. బోర్డు మీద పేరుంటుంది, లోపల దేవుడుండడు, అన్నాను. ఈ కాగితం రాసినవాడు పేరు దాచుకున్న దొంగ, మన ఇళ్ళలోకి పాట రూపంలో దూరి ఆడవాళ్ళ మనసు తిప్పుతున్నాడు, అన్నాను. టైలర్ లేచి నిలబడి మరీ తల ఊపాడు. కిందినుంచి ఇస్త్రీ ఆవిరి వస్తున్నా ఎవరూ విసురుకోలేదు.

చెల్లి హార్మోనియం వెనక తల వంచుకుని కూర్చుంది. పశ్చాత్తాపం అనుకున్నాను.

తర్వాత జరిగింది నాకు అర్థం కాలేదు. చివరి పాట ఎత్తుకుంది. అందరం లేచి పాడాం. చివరి చరణం, చివరి మాట. అక్కడ ఆపేసింది. పాట అయిపోలేదు. ఎక్కడో మెట్ల మధ్యలో నిలబెట్టేసినట్టుంది. జనం కళ్ళు మూసుకుని ఆమేన్ అనడానికి నోళ్ళు తెరిచారు, అనలేకపోయారు. ఒక ముసలమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. చెల్లి హార్మోనియం గాలితిత్తి మూసి, కొక్కెం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేనే ఆమేన్ అన్నాను. నాలుగుసార్లు అనాల్సొచ్చింది.

మార్చి 16

ఇంట్లో మాట లేదు. నా చొక్కాలు మాత్రం మడతపెట్టి ఉన్నాయి. మరీ నీటుగా.

మార్చి 17, మంగళవారం

ఆ టోపీవాణ్ణి అందరి ముందూ నిలదీద్దామని వెళ్ళాను. గ్రంథం చంకలో ఉంది. వెనక గది తలుపుకు అద్దం ఉంది. ముందు చూసి, తర్వాత తోద్దాం అనుకున్నాను.

టోపీ ఆయన మొదటి వరుసలో ఉన్నాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒళ్ళో యుకులేలేతో కుస్తీ పడుతున్నాడు. వేళ్ళు లావు, తీగలు దగ్గర. బోర్డు దగ్గర మార్కర్ పట్టుకుని నిలబడ్డది మా చెల్లి.

టీచరమ్మా, మీరు జి నైన్ అన్నారు, నా దాంట్లో జి దొరకట్లేదు, పోగొట్టానా, అని టోపీ ఆయన అడిగాడు. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. మీరేం పోగొట్టలేదు బాబాయ్, నేనే తీసేశాను, అంది. ఈ కార్డుకి ఐదు స్వరాలు, మనకున్నవి నాలుగు తీగలు, ఒకటి వదలాలి. బి వదిలితే రంగు పోతుంది, ఎఫ్ వదిలితే లాగే గుణం పోతుంది. జి వదిలితే ఏమీ పోదు. అది అందరి చెవిలో ముందే ఉంది, పక్కన కింది స్వరాల బేస్ గిటార్ వాయించేవాళ్ళుంటే వాళ్ళిస్తారు. అందరికీ తెలిసినదాన్ని మనం మళ్ళీ అరవక్కర్లేదు, అంది.

ఆ మాట దగ్గర అద్దంలోంచి నన్ను చూసింది. తడబడలేదు. బోర్డువైపు తిరిగి మధ్య భాగం మొదలుపెట్టింది.

నేను మెట్ల మీద కూర్చున్నాను. కాగితం టోపీవాడిది కాదు. పీఠం మీద నిలబడి నేను దొంగ అన్నది మా చెల్లిని. హార్మోనియం వెనక కూర్చుని అంతా వింది.

మార్చి 18

ఎందుకు చెప్పలేదన్నాను. చెప్పాను కదా, అంది. బల్ల మీద కాగితం పెట్టాను. నువ్వు అడిగితే విడమరిచి చెప్పాను. ఇంత బాగా ఎవరు నేర్పారే అన్నావు, అంది.

ఆదివారం పాట ఎందుకు మధ్యలో ఆపావన్నాను. మధ్యలో కాదు, జి సెవెన్ దగ్గర ఆపాను, అంది. జి లేదు లేదని గంటన్నర అరిచావుగా అన్నయ్యా. నిండుగా ఇచ్చాను.

ఇది వేరొకరెవరైనా అంటే నవ్వేవాణ్ణి.

షాపులో తనతో పనిచేసే నర్సమ్మ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట, శనివారం తను అక్కడికి వెళ్తుందట. ఆదివారం పొద్దున క్లాసు కూడా తనే చెప్తుందట. మా మందిరం వేళకే ఎందుకు పెట్టావన్నాను. అందరికీ కుదిరింది అదే, అంది. ఎన్నాళ్ళు, తిరిగి ఎప్పుడు, ఎవరి మాట విని, అన్నీ అడిగాను. ఎవరి మాటా వినలేదు, అదే కొత్తగా ఉంది, అంది. ఈ ఇంట్లో ఇద్దరం ఉన్నాం, చోటు ఒక్కరి గొంతుకే ఉంది అన్నయ్యా. ఊరుకున్నది ఎప్పుడూ నేనే, అంది.

దానికి జవాబుగా చెప్పడానికి వచనం తీశాను. చెల్లి వచనం అయ్యేదాకా ఆగి, బట్టలు సర్దుకోవడానికి వెళ్ళింది.

మార్చి 21, శనివారం

వెళ్ళింది. ట్రాలీ ఆటో వచ్చింది. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడిందని చెప్పాను. సర్దుకుంది.

మార్చి 22, ఆదివారం

పాట నేనే ఎత్తుకున్నాను. శ్రుతి పైకి పోయింది, రెండో చరణానికి టైలర్ ఒక్కడే మిగిలాడు. ప్రసంగంలో మూడోసారి అదే మాట అంటున్నానని నాకే వినబడింది. ముసలమ్మ పెదాలు నాకంటే ముందే కదులుతున్నాయి. ఆవిడకు అంతా తెలుసు. అందరికీ తెలుసు.

ఇరవై నిమిషాల్లో ముగించాను. జనం కూర్చునే ఉన్నారు, ఇంకా ఉందేమోనని. బాగానే ఉన్నారా బ్రదర్, అని టైలర్ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

మార్చి 24, మంగళవారం

తలుపు తోసి లోపలికి వెళ్ళాను. టోపీ ఆయన లేచి కుర్చీ వేశాడు, తన పక్కన. ఎందుకు వేశాడో ఇంకా ఆలోచిస్తున్నాను.

చెల్లి బోర్డు దగ్గర్నుంచి వచ్చింది. ఒక యుకులేలే తెచ్చి ఒళ్ళో పెట్టింది. గ్రంథం కింద పెడితే గానీ పట్టుకోవడం కుదరదు అంది. పెట్టాను.

మార్చి 31, మంగళవారం

మధ్య భాగంలో నాలుగు బార్లు, అంటే పదహారు దెబ్బల తాళం, నన్ను వాయించకుండా ఉండమంది. ఉన్నాను. చెల్లి వాయించింది.