నడిస్తే తగ్గే జబ్బు కాదక్కా

మాదాపూర్

అక్కా, ఇక్కడ మేం కులాసా, మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడితే తల తిరుగుతోందని, పడుకునే ఈ కార్డు రాస్తున్నాను. నా నీరసానికి డాక్టర్లు పెద్ద పేరొకటి పెట్టారు గానీ, ఎందుకొస్తుందో తమకూ సరిగ్గా తెలియదన్నారు. రోజూ నడిస్తే అదే పోతుందని, నీలాగే మా మావయ్యగారూ పట్టుబట్టి, పోయిన ఆదివారం నన్ను దుర్గం చెరువుకు తీసుకెళ్ళారు. సగం దూరానికే కాళ్ళు కదల్లేదు. క్యాబ్ వచ్చేదాకా బెంచీ మీద ఆయన భుజానికి తల ఆనించి కూర్చున్నాను. ఆ తర్వాత వారమంతా మంచం దిగలేదు. ఆయనే అన్నం కలిపి కంచం చేతికిచ్చారు.

నిన్న ఎదురింటి యాదగిరిగారు వచ్చి, "దినాం జర నడిపియ్యుండ్రి సార్, గదే తగ్గుతది" అన్నారు. నేను లోపలి గదిలో పడుకుని వింటూనే ఉన్నాను.

"నేనూ అలాగే అనుకున్నానండి. వద్దంటున్నా వినకుండా నడిపించి, పిల్లను మంచాన పడేశాను. ఇక తన ఒంటి సంగతి తనే చెబుతుంది, మేం వింటాం" అన్నారు మావయ్యగారు. నాకు ఏడుపు ఆగలేదక్కా.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ లోహిత్‌కు కాలేజీలో సీటొచ్చిందా? కందిపొడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. బావగారికి నమస్కారాలు, లోహిత్‌కు ఆశీస్సులు. ఈసారి ఫోన్ చేసినప్పుడు మాత్రం "ఇంకా తగ్గలేదా" అని అడక్కు. "ఇవాళ ఎలా ఉన్నావే" అను, చాలు.

నీ చెల్లెలు,
హిమబిందు