తేదీ మార్చే పని

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వనపర్తిలో మన పెళ్లికార్డుల దుకాణం ఇప్పుడు నేనే తెరుస్తున్నాను.

నీ పాత కంప్యూటర్‌కు కంపెనీ ఇక అప్‌డేట్లు ఇవ్వదట. నువ్వుంటే వాళ్లను రెండు మాటలు అనేవాడివి. కొత్తదాంట్లో నీ తెలుగు అక్షరాలు రావు, మన ప్రింటరూ పనిచేయదు. అందుకే పాతదాన్నే నడిపిద్దామని నిన్న మెకానిక్ మల్లేశ్‌ను పిలిచాను.

"గిదాన్ని ఇంకెన్నాళ్లు నడుపుతవక్కా? వైరస్‌లొస్తయ్," అన్నాడు.

"నెట్ వైరు పీకెయ్. ఇగ ఏడికెల్లి వస్తయ్?" అన్నాను.

పీకేశాడు. దుమ్ము దులిపి, నేను అడగకుండానే లోపలి గడియారం సెల్ కూడా మార్చాడు.

"రోజూ తేదీ మార్చే పరేషాన్ లేదక్కా ఇగ," అన్నాడు.

ఆ సెల్ ఎప్పుడో అయిపోయిందని నీకూ తెలుసు. ఆన్ చేసినప్పుడల్లా నువ్వు కంప్యూటర్ కొన్న సంవత్సరమే చూపించేది. నువ్వు ఊదుబత్తి వెలిగించి, తేదీ సరిచేశాకే మొదటి కార్డు పట్టుకునేవాడివి. ఏడాదిగా నేనూ అలాగే చేస్తున్నాను.

ఈ పొద్దున ఊదుబత్తి వెలిగించి కూర్చున్నాను. తెర మీద అప్పటికే ఈరోజు తేదీ ఉంది, నువ్వు పోయిన తేదీ. సరిచేయడానికి ఏమీ లేదు.