హైమ రాసిన అంకెలు

చిక్కడపల్లి,
3 నవంబరు 2025,
కార్తీక సోమవారం.

చిరంజీవి ఫణికిరణ్‌ను పెద్దక్క హైమవతి ఆశీర్వదించి వ్రాయునది.

ఈశ్వరుడి దయవల్ల ఇక్కడ నాన్న, నేను కులాసా. నీ చిన్నక్క నాగశ్రీ విజయవాడలో కులాసా. నీ సంగతి పూలమ్మే కమల చెప్పింది.

అశోక్‌నగర్ నుంచి మన ఇంటికి నడిస్తే పది నిమిషాలు. అంత దూరం నుంచి పద్నాలుగేళ్లకు నీ ఉత్తరం వచ్చింది. పూలపొట్లంతో పాటు కమల తెచ్చి ఇచ్చింది. "తమ్ముడు మస్తు చిక్కిండమ్మా. పూలు తీస్కుంటుంటె చేతులకెల్లి డీజిల్ వాసనే" అంది. నువ్వు పూలు కొంటున్నావని తెలిసి సంతోషించాను. దేవుణ్ణి మరిచిపోలేదన్నమాట.

నాన్నకు చూపు పూర్తిగా పోయింది. పేపరైనా, బ్యాంకు కాగితమైనా నేనే చదవాలి. నీ ఉత్తరం కూడా ఒక్క మాట వదలకుండా చదివాను. నారాయణగూడ షెడ్లలో ఇన్నేళ్లుగా నీకు విడిభాగాలు కడిగే పని తప్ప ఇంజను మీద చెయ్యి వేయనివ్వడం లేదని రాశావు. ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో రామచంద్రరావు గారు తమ షెడ్డులో ఒక పాత డీజిల్ ఇంజను విప్పి బిగించే పని ఇస్తామన్నారని రాశావు. అది రాఘవేందర్ వ్యానులో ఉండిన రకం ఇంజనే. ఏ బోల్టు ఎంత బిగించాలో కంపెనీ అచ్చువేసిన పుస్తకం తెచ్చి చూపిస్తేనే స్పానరు ఇస్తారట. శుక్రవారం దాకా గడువట. "నీ కథ విన్న ఫణీ. చేతిరాత కాగితాలు మాత్రం నా దగ్గరికి తేకు" అన్నారట. అది చదివినప్పుడు నాన్న తల ఊపారు.

ఆ కంపెనీ ఇప్పుడు ఆ ఇంజను చేయడం లేదని, డీలరు దగ్గర పుస్తకం లేదని, ఫోన్లో వెతికితే రాడ్ బోల్టు బిగింపు ఒకచోట నాలుగు కిలోలు, ఒకచోట ఆరున్నర, ఇంకోచోట ఏ కొలతో చెప్పకుండా నలభై అని ఉందని రాశావు. ఒక వీడియోలో అయితే బలం కొద్దీ లాగితే చాలన్నాడట. అది విని నాన్న నవ్వారు. చాలా రోజులకు నవ్వారు.

మన ఇనప్పెట్టెలోని ఆ కంపెనీ పుస్తకం రెండు రోజులు ఇవ్వమని అడిగావు. నాన్న ఆ వాక్యం మళ్లీ చదివించుకున్నారు. తరువాత, "బోల్టు తెగడం తప్పు కాదు. నా చేతిలోనూ తెగాయి. పుస్తకంలో లేని అంకె ఉందని నా మొహం మీద చెప్పాడు చూడు, అదీ తప్పు. ఇవ్వకు" అన్నారు. ఆ ఒక్క పేజీ జిరాక్సు తీయించనా అని అడిగాను. "దాని నీడ కూడా గడప దాటడానికి వీల్లేదు" అన్నారు. ఎనభై ఒకటో ఏడు. గొంతు మాత్రం అలాగే ఉంది.

తరువాత ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తారు. నీకు తెలియనిది కాదు. అయినా ఆయన చెప్పిన వరసలోనే రాస్తున్నాను. ఆయన మనసులో అది ఎలా ఉందో నీకు తెలియాలి.

నాన్నకు ఇంగ్లీషు రాదు. కంపెనీ పుస్తకం ఇనప్పెట్టెలో, పెట్టె తాళంచెవి నా కొంగున. అందులోని అంకెలన్నీ నేను తెలుగులో నోటుబుక్కులోకి ఎత్తి రాస్తే, మన రిపేరు షాపులో అందరూ అది చూసి బిగించేవారు. ఏడాది తిరిగేసరికి అది నూనె మరకలతో నల్లబడేది. మాసిన పుస్తకం ఆయుధపూజలో పెట్టకూడదని నాన్న పట్టింపు. అందుకని ప్రతి దసరాకు కొత్తది రాసి, పసుపు కుంకుమ పెట్టి, పాతది చిరిగిన దేవుడి పటాలతో పాటు హుసేన్‌సాగర్ నీళ్లలో వదిలేవాళ్లం. "హైమ రాసిందంటే రాతి మీద గీతే" అనేవారు నాన్న.

ఆ ఏడు దసరా వెళ్లిన మూడో వారం నువ్వు రాఘవేందర్ వ్యాను ఇంజను బిగించావు. నాలుగో రోజు దోమలగూడ మలుపులో కనెక్టింగ్ రాడ్ బోల్టు తెగి, రాడ్డు ఇంజను గోడను బద్దలుకొట్టుకొని బయటికి వచ్చింది. ఆ వ్యానుకు ఇంజను డ్రైవరు సీటు కిందే. కాగే ఆయిలు అతని కుడికాలి మీద పడింది.

మరునాడు పొద్దున షాపు ముందు నలుగురిలో, రాడ్ బోల్టు ఎంత బిగించావని నాన్న నిన్ను అడిగారు. ఎనిమిది అన్నావు. "ఐదున్నర దాటితే అది సాగిపోతుందని చేతికి తెలియలేదురా?" అన్నారు. "చేతిని నమ్మొద్దు, బుక్కును నమ్మమని చెప్పింది మీరే కదా నాన్నా. బుక్కులో ఎనిమిదే ఉంది" అన్నావు. నాన్న నోటుబుక్కు తెమ్మన్నారు. నేనే తెచ్చాను. అందులో ఐదున్నర ఉంది.

రాఘవేందర్ భార్య లక్ష్మి అక్కడే ఉంది. "నా మొగడు దవాఖానల పడి ఒర్లుతుంటె నువ్వు బుక్కు మీదికి నూకుతున్నవా? గా బుక్కుకు నోరుంటె నీ మొకం మీద ఉమ్ముతుండె" అంది. నువ్వు ఆ పేజీ వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకొని, "ఈ మరక మన షాపుది కాదు. పేజీ మొన్న ఇట్ల లేదు" అన్నావు. అప్పుడే నాన్న నీ మీద చెయ్యి చేసుకున్నారు. సాయంత్రానికి నీ పెట్టె వీధిలో ఉంది.

నారాయణగూడలో నిన్ను ఇప్పటికీ వాసన ఫణి అంటారట. అలా పిలిచినప్పుడు కోపం తెచ్చుకోకు. కోపం వల్ల పుణ్యం తరిగిపోతుంది.

రాఘవేందర్ ఇప్పుడు గాంధీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. కాలు ఈడుస్తాడు. శనివారం శనివారం గుడి దగ్గర కనిపించి నాకు దండం పెడతాడు. "మీ అసుంటి అక్కకు గసుంటి తమ్ముడేందమ్మా" అంటాడు. ప్రసాదం చేతిలో పెట్టి వచ్చేస్తాను.

నీకు అచ్చుకాగితం కావాలి. నాన్న మాట నేను దాటలేను. అందుకని పుస్తకం ఒళ్లో పెట్టుకొని, నువ్వు అడిగిన పదకొండు అంకెలు చేత్తో రాసి ఇందులో జతపరిచాను. రామచంద్రరావు గారు ఒప్పుకోకపోవచ్చు. నా చేతిలో ఉన్నది ఇంతే. నా దస్తూరీ నీకు చిన్నప్పటి నుంచి తెలుసు.

ఇక రోజూ సాయంత్రం ఒక్క దీపమైనా పెట్టుకో. వేళకు తిను. ఈశ్వరుడు నీకు ఓర్పు ఇవ్వాలని ఈ నెలంతా నీ పేరున కూడా ఒక వత్తి వెలిగిస్తున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దక్క
హైమవతి

తా.క. పైన రాసినదంతా నాన్నకు చదివి వినిపించాను. ఇక్కడి నుంచి ఆయన వినలేదు.

ఆ మరక గురించి నువ్వు అన్నది నిజం. అది ఇంజను ఆయిలు కాదు. దీపం కుందిలోని నువ్వుల నూనె.

ఆ దసరాకు నోటుబుక్కు రాసింది నవమి నాడు, ఉపవాసంతో. నోట సహస్రనామం నడుస్తుంటే చెయ్యి దాని దారిన రాసుకుపోయింది. పై వరసలో మెయిన్ బేరింగ్‌కు ఉన్న ఎనిమిది కింది వరసలో రాడ్ బోల్టుకు కూడా పడింది. వ్యాను కబురు వచ్చిన మధ్యాహ్నం పెట్టె తెరిచి సరిచూసుకున్నాను. పిన్నులు విప్పి ఆ కాగితం తీసేసి, కొత్తది రాసి పెట్టాను. మరీ తెల్లగా కనిపించింది. దేవుడి దగ్గరి నూనె వేలితో అద్దాను. పాత కాగితం అదే దీపానికి అంటించాను.

నిన్ను కొడుతున్నప్పుడు చెప్పేద్దామనుకున్నాను. అంతలో నాన్న నా వైపు తిరిగి ఎప్పుడూ అనే ఆ మాట మళ్లీ అన్నారు. నలభై ఏళ్ల వయసులో, పెళ్లి కాని దానికి, ఆ ఇంట్లో నాకున్నది ఆ మాట ఒక్కటే. నీకు చేతిలో పని ఉంది, ఎక్కడైనా బతుకుతావనుకున్నాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ కార్తీకంలో లక్షవత్తుల నోము పట్టాను. ఎవరికి అన్యాయం చేశామో వారితో చెప్పుకోకపోతే ఫలం దక్కదని పంతులుగారు అన్నారు. ఎల్లుండి పౌర్ణమి. నీతో చెప్పుకున్నాను. నాన్నతో చెప్పమని పంతులుగారు అనలేదు.

జతపరిచిన అంకెలు ఈసారి రెండుసార్లు చూసుకున్నాను.

ఈ ఉత్తరం రామచంద్రరావు గారికి చూపిస్తావేమో. చేతిరాతలు ఆయన దగ్గరికి తేవద్దన్నారని నువ్వే రాశావు. కాదు, నాన్న చేతిలోనే పెడతానంటే పెట్టు. నేను అడ్డుపడను. తడిమి చూసి, చదివి పెట్టమ్మా అని నాకే ఇస్తారు.