సప్పుడు పెట్టె

ఇంద్రేశం,
23 మే 1993, ఆదివారం.

చిరంజీవి విఠల్‌కు,

నాయిన దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ, మన బర్రె, గోడకు వేలాడుతున్న నీ పాత గిటారు, అందరం క్షేమం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను గానీ ఆ అందరిలో ఒకరి సంగతి వేరుగా చెప్పాలి. అది ఆఖరున చెప్తాను. ఇప్పుడే కాగితం తిప్పి చూడకు. పరీక్ష పేపర్లో కూడా వెనక పేజీ నుంచి మొదలుపెట్టేవాడివి నువ్వు.

నువ్వు రాజమండ్రి నుంచి బస్సు పార్శిల్లో పంపిన పెట్టె పటాన్‌చెరులో అందింది. పార్శిలు గుమాస్తా దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, "ఏముందే ఇందుల? సద్ది డబ్బా లెక్కున్నది" అన్నాడు. సద్ది డబ్బానే అన్నాను. అబద్ధం కాదు కదా. పదకొండేళ్ళు నేను డ్యూటీకి అన్నం పట్టుకుపోయిన డబ్బా అది. దాని మూతకు లారీ డ్రైవర్లు కాలితో తొక్కే డిప్పర్ స్విచ్చి బిగించి, లోపల మీ తాత రేడియోలోని రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి, గిటారుకూ స్పీకరుకూ నడుమ పెట్టుకొమ్మని నీకిచ్చాను. తొక్కగానే తీగ గొంతు బొంగురుపోయి పులి గాండ్రించినట్టు వస్తుందని ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాను. మీ అమ్మ మాత్రం దానికి సప్పుడు పెట్టె అని పేరు పెట్టింది. మంచి డబ్బా పాడు చేశానని ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

ఇక నీ ప్రశ్నలు. మిట్టమధ్యాహ్నం పెళ్ళి పందిట్లో పెట్టె గొంతు నీరసంగా వస్తోంది, రాత్రి ప్రోగ్రాముల్లో బాగుంటోంది, ఎందుకని అడిగావు. ఆ ట్రాన్సిస్టర్లు పాతకాలపువి. వాటికి ఎండ పడదు. మన రేకుల ఇంట్లో కూడా పన్నెండు దాటితే వాటి పని అంతే, నా పని లాగే. పెట్టెను స్టేజీ లైట్ల కింద పెట్టకు. మంచినీళ్ళ కుండ పక్కన నీడలో పెట్టు. తడిబట్ట మాత్రం కప్పకు, నీళ్ళు లోపలికి దిగితే మళ్ళీ బస్సు పార్శిలే.

మీ ట్రూపు కీబోర్డు అతను పెట్టె విప్పి చూసి, బ్యాటరీ ఎర్ర వైరు డబ్బాకు కలిపి ఉంది, మీ నాయిన తప్పు చేశాడు అన్నాడని రాశావు. తప్పు కాదు. ఆ జాతి ట్రాన్సిస్టర్లకు ఎర్ర వైరే డబ్బాకు కలపాలి. తప్పు అన్న ఆ మాటే, పెట్టె కడుతున్నప్పుడు మా డిపార్టుమెంటులో పెద్దరాములు కూడా అన్నాడు. నీకు గుర్తుంది కదా, నాతోపాటు కంప్రెసర్ల దగ్గర చేస్తాడు, మన ఇంటికి వచ్చినప్పుడల్లా చాయ్‌లో పంచదార ఎక్కువ అడుగుతాడు. అతను అనడమే కాదు, నేను క్యాంటీనుకు పోయి వచ్చేసరికి నా మేలు కోరి ఆ వైర్లు రెండూ మార్చేశాడు. "అన్నా, నువ్వు ఉల్టా వెట్టినవ్, నేను సీదా జేసిన" అని గర్వంగా చెప్పాడు. సీదా చేసినందుకు మీ తాత రేడియో ట్రాన్సిస్టర్లలో ఒకటి పోయింది. ఇప్పుడు నీ పెట్టెలో ఉన్నది వాటి బదులు విశ్వేశ్వర్ సేటు సంగారెడ్డిలో తన రేడియో షాపు అంతా వెతికి ఇచ్చిన జోడీ. అందుకే మీ కీబోర్డు అతణ్ణి దాని జోలికి రానివ్వకు.

అమ్మ కోపం తగ్గిందా అని అడిగావు. నేనే నీకు పోయిన దీపావళికి రాశాను కదా, మీ అమ్మ ఈ మధ్య ప్రతి మాటకూ గొంతు చించుకుంటోంది, ఉప్పు కావాలా అని అడగడం కూడా కొట్లాటకు వచ్చినట్టే ఉంది అని. ఆ సంగతీ చెప్తాను. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

ఇప్పుడు కూత సంగతి.

పెట్టె తొక్కితే కీమని సన్నగా కూత వస్తోందని నువ్వు మూడుసార్లు రాశావు. మొదటిసారి నేను పెట్టె తెప్పించుకుని చూసి, కూతా లేదు ఏమీ లేదు, నీ వైరు చూసుకో అని తిప్పి పంపాను. రెండోసారి స్పీకరు చూసుకో అన్నాను. మూడోసారి నేను రాసింది నాకు బాగా గుర్తుంది. "నీకు వాయించడం చేతకాక నా పెట్టె మీద పెడుతున్నావు" అని రాశాను. దానికి నువ్వు ఎదురు రాయలేదు. పెట్టె పంపించి, దాంట్లో చిన్న చీటీ పెట్టావు. అమలాపురం పెళ్ళిలో మెల్లటి పాట నడుస్తుండగా కూత వచ్చిందనీ, పెళ్ళివారంతా చెవులు మూసుకున్నారనీ, మీ ట్రూపు ఓనరు వెంకటేశ్వరరావు గారు అందరి ముందూ, "ఇంకోసారి ఆ కూత వినపడిందంటే గిటారు సర్దుకుని మీ ఊరు బస్సెక్కెయ్యడమే అబ్బాయ్" అన్నారనీ. జూన్ ఆరున కాకినాడ ప్రోగ్రామే ఆఖరి అవకాశం అని రాసి, "నాయినా, ఒక్కసారి నా మాట నమ్ము" అన్నావు.

పోయిన ఆదివారం పొద్దున నీ పాత గిటారు దించి, పెట్టెకు కలిపి, స్పీకరు పెట్టి, వాల్యూమంతా తిప్పాను. స్విచ్చి నొక్కాను. గుయ్యిమని ఎప్పుడూ ఉండే కరెంటు సప్పుడే తప్ప ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది. ఏం పిల్లగాడు వీడు అనుకుంటూ ఉండగానే మీ అమ్మ చేతిలోని చాట కింద పడేసి రెండు చెవులూ మూసుకుంది. బియ్యమంతా నేల మీద.

"బందు వెట్టు! చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నది!"

"ఏమైంది?" అన్నాను.

"ఏమైందేంది? గట్ల కీమని మొత్తుకుంటుంటె! పక్కింటి కుక్క సుత లేసి ఉరికింది!"

నేను స్పీకరుకు చెవి ఆనించాను. అదే గుయ్యి. కూత లేదు. తల ఎత్తి, "ఏం లేదు కదా" అన్నాను.

మీ అమ్మ నా వంక చూసింది. ఆమె పెదవులు కదిలాయి. ఏమన్నదో నాకు తెలియలేదు. మళ్ళీ గట్టిగా అంది. "నిజంగ నీకు ఇనొస్తలేదా?"

స్విచ్చి ఆపి, ఇద్దరం ఆ బియ్యం నడుమనే కూర్చున్నాం. అప్పుడు చెప్పింది.

"రెండేండ్ల సంది సూస్తున్న. కుక్కర్ కూతేస్తె నీకు దెల్వదు. పోస్ట్‌మ్యాన్ బెల్లు గొట్టుకుంట వాకిట్ల నిలబడితె దెల్వదు. పిలిస్తె సప్పుడు జెయ్యవు. మొదట్ల నా మీద కోపమొచ్చి సప్పుడు జేస్తలేవనుకున్న. తర్వాత సమజైంది. గప్పటి సంది గట్టిగ మాట్లాడుతున్న."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ చెవి సంగతి నీకే జెప్పుడా? కంపెనీల గంత పేరున్నోనివి. శిన్నవోతవని జెప్పలే."

చూశావా విఠల్. నేను పలకకపోతే ఆమె మొదట్లో నాకు కోపం అనుకుంది. ఆమె గట్టిగా పలికితే నేను ఆమెకు కోపం అనుకున్నాను. రెండేళ్ళు ఒకే ఇంట్లో ముందు ఆమె నా కోపానికి, తర్వాత నేను ఆమె కోపానికి భయపడుతూ తిరిగాం.

ఇంతవరకు చెప్పింది తేలిక. నీకు నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

నా చెవికి కంపెనీలో ఎంత పేరుందో నీకు తెలుసు. స్క్రూడ్రైవరు కొన మోటారు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, ఈ బేరింగు పది రోజులు నడుస్తుంది, ఇది నడవదు అని చెప్పేవాణ్ణి. కొత్త ఇంజనీర్లు కూడా సంగయ్యను పిలవండి అనేవాళ్ళు. పదిహేడేళ్ళు ఆ కంప్రెసర్ల మోత మధ్య నిలబడ్డాను, చెవిలో దూది పెట్టుకోమంటే నవ్వాను. మార్చి నెలలో మూడో నంబరు కంప్రెసర్‌కు స్క్రూడ్రైవరు పెట్టి విని, బాగుంది అన్నాను. రెండో రోజే బేరింగు పట్టేసింది. పక్కనే నిలబడి ఉంటే ఎవరికైనా వినపడేదట, సన్నగా కీచుమంటూనే ఉందట. పెద్దరాములు నా పేరు రాకుండా తప్పును గ్రీజు మీదకు నెట్టేశాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజే నాకు అర్థమైంది, సన్నటి సప్పుడు ఏదీ నాకు చేరడం లేదని.

నీ మూడో ఉత్తరం వచ్చింది ఆ తర్వాతే. అంటే, నీకు వాయించడం చేతకాదు అని రాసేటప్పుడు, తప్పు నా చెవిదేమోనని నాకు తెలుసు. తెలిసే రాశాను. మీ అమ్మను పిలిచి ఒక్కసారి విను అంటే తేలిపోయేది. తేలిపోతుందనే పిలవలేదు. నా పేరు కాపాడుకోవడానికి నీ పేరు పోనిచ్చాను. పరాయి ఊళ్ళో, పెళ్ళివాళ్ళ ముందు, నా కొడుకు తలవంచుకుని నిలబడ్డాడు. నన్ను క్షమించు బిడ్డా.

ఇక మరమ్మతు. నాకు వినపడని కూతను నేనెలా పట్టుకుంటాను? మీ అమ్మే దారి చెప్పింది. కూత ఉన్నంతసేపు చెయ్యి ఎత్తి ఉంచుతుంది, పోతే దించుతుంది. నేను పెట్టెలో తల పెట్టడం, ఆమె చెయ్యి చూడడం. బ్యాటరీ మార్చాను, చెయ్యి దిగలేదు. కెపాసిటరు మార్చాను, దిగలేదు. అతుకులన్నీ మళ్ళీ వేశాను. "నా రెక్క గుంజుతున్నది, జల్దీ కానియ్" అంది గానీ చెయ్యి మాత్రం దించలేదు.

అప్పుడు లోపలి వైర్లు చూశాను. ఎంత అందంగా కట్టానో! కంపెనీలో ప్యానెల్ కట్టినట్టు వైర్లన్నీ ఒకే వరసలో పేర్చి, మైనపు దారంతో బొటనవేలు దూరానికొక ముడి వేసి, మూలల్లో సరిగ్గా మడిచి. మా సూపర్‌వైజరు చూస్తే మెచ్చుకునేవాడు. తప్పు అక్కడే ఉంది. గిటారు నుంచి లోపలికి వచ్చే తీగనూ, స్పీకరుకు బయటికి పోయే తీగనూ కలిపి కట్టేశాను. మైకు తీసుకుపోయి స్పీకరు ముందు పెడితే ఎలా కూస్తుందో తెలుసు కదా, పెట్టె లోపల అదే జరుగుతోంది. దారం కోసి, వెదురు పుల్లతో ఒక తీగను పక్కకు జరిపాను. మీ అమ్మ చెయ్యి దిగింది. దగ్గరకు తెచ్చాను, లేచింది. మళ్ళీ జరిపాను, దిగింది. ఆ పుల్లతో నేను అలా ఎన్నిసార్లు ఆడానో, చివరికి, "నన్ను ఆడిస్తున్నవా?" అని మొట్టికాయ వేసింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం.

లోపలికి వచ్చే తీగకు విశ్వేశ్వర్ సేటు దగ్గర మైకు వైరు, అదే పైన సన్న తీగల జాలీ అల్లి ఉండేది, తెచ్చి వేశాను. రెండు తీగలనూ డబ్బాలో ఆ మూల ఒకటి ఈ మూల ఒకటి పారేశాను. విప్పి చూస్తే వికారంగా ఉంటుంది, నవ్వకు. ఎవరైనా చక్కగా సర్దుతానంటే సర్దనివ్వకు. ఈ వారం రోజులూ సాయంత్రం పూట వాల్యూమంతా పెట్టి మీ అమ్మను ఎదురుగా కూర్చోబెట్టాను. ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. రేపటి బస్సులో వేస్తున్నాను, కాకినాడకు ముందే అందుతుంది.

ఈ ఉత్తరం వెంకటేశ్వరరావు గారికి చూపించు. కూత నీ చేతి వల్ల రాలేదని, పెట్టెలో తప్పు ఉందని, ఆ తప్పు మీ నాయినదని నా చేతిరాతతో ఇందులో ఉంది. సిగ్గుపడకు. సిగ్గుపడాల్సింది నేను, నేను పడ్డాను.

శుక్రవారం నాడు సూపర్‌వైజరుకు చెప్పేశాను, మూడో నంబరు బేరింగు సంగతితో సహా. వచ్చే గురువారం కంపెనీ డాక్టరు దగ్గరకు రమ్మన్నారు, మీ అమ్మ వెంట వస్తుంది. నన్ను స్టోరుకు మారుస్తారేమో. భయంగా లేదని అనను. పెద్దరాములు మాత్రం, "నేను చెవి వెట్టి ఇంట, నువ్వు మోటారు ఇప్పు అన్నా, ఇద్దరం గలిస్తె ఒక్క మెకానిక్" అన్నాడు. నువ్వు స్టేజీ మీద ఆ పెద్ద స్పీకర్ల ముందు నిలబడకు. చెవుల్లో దూది పెట్టుకో. నవ్వేవాళ్ళను నవ్వనీ. నేనూ అలాగే నవ్వాను.

వానలు పడ్డాక ఒక్క నాలుగు రోజులు సెలవు పెట్టి రా. నా ఎదురుగా కూర్చుని వాయించు. లావు తీగలు నాకు బాగానే వినపడతాయి. సన్న తీగ మీదకు పోయినప్పుడు నువ్వు ఆగకు. నేను మీ అమ్మ ముఖం చూస్తూ వింటాను.

ఇట్లు,
పెట్టె కట్టిన మీ నాయిన, సంగయ్య
కూత విన్న మీ అమ్మ, మొగులమ్మ