ఐదో వరుసలోని మనిషి సంబంధం మార్చుట గురించి

అయ్యా,

జనగణన అధికారిగారి సముఖమునకు, ఆరవ వార్డు మూడవ వీధి వాస్తవ్యుడు, నీటి సరఫరా శాఖలో ముప్పదియొక్క సంవత్సరములు పనిచేసి హెడ్ క్లర్కుగా పదవీ విరమణ పొందినవాడు, తమ నియామక పత్రం ప్రకారం సదరు వీధికి జనగణన ప్రోత్సాహక సభ్యుడు అయిన నేను వినయపూర్వకముగా వ్రాసుకొను మనవి.

విషయం: మా ఇంటి జనగణన పత్రంలో ఐదవ వరుసయందు, "యజమానికి సంబంధం" అను గడిలో "చెల్లెలు" అని నమోదైన దానిని కొట్టివేసి, "పనిమనిషి" అని దిద్దుట గురించి.

ఏమిటే, ఆగిపోయావు? నీ గురించే. నాకు తెలుసు. రాయి.

ముందుగా ఒక సంగతి తమకు తెలియజేయవలసి యున్నది. నాకు కంటి ఆపరేషన్ జరిగి పన్నెండు రోజులైనది. నెలపాటు చదువుట, వ్రాయుట కూడదని డాక్టరుగారి ఆజ్ఞ. కావున ఈ అర్జీని నేను చెప్పుచుండగా, పైన విషయములో పేర్కొన్న మనిషే వ్రాయుచున్నది. ఇంటిలో మరెవ్వరి దస్తూరీ కూడా ఇంత శుభ్రముగా ఉండదు. బుజ్జీ, మళ్లీ చెప్తున్నా. నా నోట్లోంచి ఏది వస్తే అది రాయి. నువ్వొక ముక్క చేర్చొద్దు, ఒక ముక్క వదలొద్దు. నీ సొంత తెలివి అసలే వద్దు. ఊఁ, నంబరు వేసుకో.

1. తమ కార్యాలయం వారు జనగణనలో ప్రజలందరూ పాల్గొనవలెనని తలపెట్టిన ప్రచారంలో నేను చేసిన సేవ తమకు తెలియనిది కాదు. ఆపరేషన్‌కు ముందు మూడు వారములు, భుజమున పచ్చ పట్టీ వేసుకొని, తమ వ్యానులో ముందు సీటున కూర్చుండి, గొంతు బొంగురుపోవువరకు మైకులో చెప్పితిని. "ఏ ఒక్కరూ మిగిలిపోకూడదు. ఇంట్లో ఉన్నవారే కాదు, అరుగు మీద పడుకున్నవారు కూడా లెక్కే. లెక్కలో ఉంటేనే హక్కు." ఈ చివరి వాక్యం తమరు అచ్చువేయించి ఇచ్చినదే. నా స్వంతం కాదు. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన మంచాన పడిన తన అత్తగారిని రాయించుటకు బద్ధకించగా, నలుగురిలో నిలదీసితిని. "ఆమె మనిషి కాదా? నీ ఇంట్లో అన్నం తినడం లేదా? సిగ్గులేదా నీకు?" అంటిని. ఆయన తల వంచుకొని రాయించినాడు. జనం చప్పట్లు కొట్టినారు. ఇదంతయు గొప్ప కోసం చెప్పుట లేదు.

కొంచెం గొప్ప కోసమే అనుకో. అది రాయకు. రాసేశావా? సరే, తరవాత కొట్టేద్దాం.

2. మొన్న బుధవారం ఉదయం పది గంటలకు, లెక్క వ్రాయు పంతులమ్మ మా ఇంటికి వచ్చినది. నేను వరండాలో నల్లద్దాలు పెట్టుకొని కూర్చుండి యుంటిని. ఇంట్లో ఎంతమంది అని అడిగినది. నలుగురం అంటిని. నేను, నా భార్య, కుమారుడు, కోడలు. చక్కగా నాలుగు వరుసలు నింపుకొన్నది. అంతలో ఈ మనిషి పిలవకుండానే టీ పట్టుకొని వచ్చినది.

మీ వదిన పంపిందా? పంపితే మాత్రం, సరిగ్గా అప్పుడే రావాలా? నీకు ఎప్పుడూ అంతే, వేళాపాళా ఉండదు. పిలవకుండానే అనే ఉంచు.

పంతులమ్మ గ్లాసు అందుకొని, "ఈమె ఎవరండీ?" అన్నది.

"పనిమనిషి" అంటిని. నా గొంతు తొణకలేదు, బెణకలేదు. దస్త్రముల మధ్య జీవితం గడిపినవానికి ఆ మాత్రం సమయస్ఫూర్తి ఉండును.

"రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారమ్మా?" అని పంతులమ్మ ఆమెనే అడిగినది.

"వంటింట్లోనండీ."

"ఈ ఇంటి వంటింట్లోనా?"

"ఇంకెక్కడండీ."

"అయితే ఈమెనూ ఈ ఇంట్లోనే రాయాలి సార్. పనిమనిషైనా సరే. మైకులో మీరే కదా చెప్పారు!" అని ఐదవ వరుస మొదలుపెట్టినది. ఒప్పుకొంటిని. రూలు రూలే. సంబంధం గడిలో పనిమనిషి అని వ్రాసుకొమ్మంటిని. కాని పంతులమ్మ నా మాట లక్ష్యపెట్టక, మరల ఆమె వైపే తిరిగి, "మీరు చెప్పండమ్మా, ఈయనకు మీరేమవుతారు?" అని అడిగినది. యజమాని ఎదురుగా ఉండగా టీ తెచ్చిన మనిషిని అడుగుట ఏ నిబంధన ప్రకారమో తమరే సెలవీయవలెను.

ఇరవైరెండేళ్లుగా అడిగినదానికి సైతం నోరు మెదపని మనిషి, ఆనాడు మాత్రం, "చెల్లెల్నండీ. ఒక్క తల్లి కడుపునే పుట్టాం" అని తాపీగా పలికినది. పక్కింటి వరండాలోనికి కూడా వినబడినది. నాకు తల కొట్టేసినట్లయినది. పంతులమ్మ నా నల్లద్దాల వైపు చూచి, ఏమియు అనక వ్రాసుకొన్నది. ఏమైనా అనియుండినచో జవాబు చెప్పియుందును.

ఏమిటే, లోపల్నుంచి ఆ కేకలు? అంట్లా? తోముతుందిలే, ఈ కాగితం అవనీ. ఒక పూట ఆగితే కొంపలు మునిగిపోవు. మీ వదిన గోల రాయక్కర్లేదు. పాలు పొంగుతున్నాయా? వెళ్లు, వెళ్లి దించిరా. త్వరగా రా.

వచ్చావా? ఎక్కడున్నాం? మూడు.

3. సదరు పొరపాటు వలన నాకు కలుగు నష్టం చిన్నది కాదు. పక్కింటి ప్లీడరు గుమాస్తా ఆ సాయంత్రమే గోడ మీదుగా పలకరించి, "ఏమండీ, ఇల్లు మీ నాన్నగారు కట్టించిందే కదా? సర్కారు కాగితంలో చెల్లెలని పడిందంటే రేపు వాటా అడగదని ఏమిటి?" అన్నాడు. మరుసటి రోజున పంతులమ్మను పిలిపించి అడుగగా, ఈ వివరములు రహస్యమనియు, ఏ కోర్టు వారికీ చూపరనియు, ఇంటి వాటాకు దీనితో పని లేదనియు నచ్చజెప్పబోయినది. అయ్యా! లెక్కలో ఉంటేనే హక్కు అని తమరే అచ్చువేయించి, నా చేతనే ఊరంతా అరిపించి, తీరా ఇప్పుడు లెక్కకూ హక్కుకూ సంబంధం లేదనుట ఎట్లు? రెండింటిలో ఒకటి అబద్ధం కావలెను. ప్రభుత్వ నినాదం అబద్ధమాడదని నా విశ్వాసం. కావున పంతులమ్మే అబద్ధమాడినది.

బుజ్జీ, కలం కింద పెట్టి నా మాట విను. నువ్వు వాటా అడుగుతావా? నిజం చెప్పు. నేనేం కొట్టను. ఏమిటీ? పైకి చెప్పు, వినపడలేదు. అడగనా? అడగనంటుంది. ఇప్పుడు అడగదు, రేపు ఎవడో ఎక్కిస్తాడు, అప్పుడో? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదే. ఆపరేషన్ చేసిన కన్ను ఒక పక్క, ఇదొక పక్క. నా బాధ నీకేం తెలుసు, పడుకుంటే నీకు తెల్లారిపోతుంది.

4. ఈ మనిషి పనిమనిషియే అనుటకు రుజువులు దిగువ పొందుపరచడమైనది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచును. నీళ్లు పట్టుట, పొయ్యి వెలిగించుట, వంట, అంట్లు, బట్టలు, ఇల్లు తుడుచుట ఆమె పని. నా కంటి చుక్కలు రోజుకు ఆరుమార్లు ఆమెయే వేయును. అందరూ తిన్న పిమ్మట తినును. మిగలనినాడు తినదు. పడక గ్యాసు బండకూ పిండి డబ్బాలకూ నడుమ. పండుకొనునప్పుడు కాళ్లు చాపుటకు వీలు లేదు, కాని ఆమె పొట్టిది కనుక సరిపోవును. మా కుటుంబ ఫొటో నకలు జతపరచుచున్నాను. అందులో మేము నలుగురమే ఉన్నాము. ఆనాడు ఆమె కోడలి చీర కుచ్చిళ్లు సర్ది, ఫొటోగ్రాఫరు చెప్పకుండానే పక్కకు తప్పుకొన్నది. తానెవరో ఆమెకే తెలియుననుటకు ఇంతకన్న ఏం రుజువు కావలెను?

5. ఇరవైరెండేళ్ల క్రిందట భర్త వదిలివేయగా ఒక్క ట్రంకు పెట్టెతో ఆమె ఈ గడప తొక్కిన మాట నిజం. అప్పటికి మా నాన్నగారు జీవించియున్నారు. ఆయన మంచాన పడిన ఆరేళ్లు ఎత్తి దించినది, కడిగినది, తినిపించినది ఆమెయే. నేను కాదనను. ఆఫీసు పనుల ఒత్తిడి వలన నాకు వీలు కాలేదు. అందుకు కృతజ్ఞతగా, ఆయన పోయిన తరువాత కూడా నేను ఆమెను వెళ్లగొట్టలేదు. లోకంలో ఏ అన్న ఇంతకన్న ఎక్కువ చేయును?

అన్న అని వద్దు. కొట్టేయ్. ఏ యజమాని అని రాయి. కొట్టేశావా?

నీకు అక్షరాలు దిద్దించింది నేనే, గుర్తుందా? పలక మీద నీ వేలు పట్టుకుని. 'ఱ' అస్సలు వచ్చేది కాదు నీకు, ఏడ్చేదానివి. నేను బడి ఎగ్గొట్టి మరీ కూర్చున్నాను నీ పక్కన. నాన్న నన్ను బాదాడు. నవ్వొచ్చేది అప్పుడు. ఇదంతా రాయకు. దీనికీ దానికీ సంబంధం లేదు. ఆఖరి పేరా రాయి.

పై కారణములను విచారించి, నా ప్రోత్సాహక సేవను గుర్తించి, మా ఇంటి పత్రమందు ఐదవ వరుసలో "చెల్లెలు" అను పదంపై అడ్డగీత గీయించి, "పనిమనిషి" అని దిద్దించి, దిద్దిన చోట తమ పొడి సంతకం చేయించి, నకలు ఒకటి నాకు ఇప్పించవలెనని, హద్దు మీరి యజమానిని కాదని ఇతరులను ప్రశ్నించిన పంతులమ్మను తగు రీతిన మందలించవలెనని, ఈ వృద్ధుని మొర దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,

వేలు పట్టుకో. సంతకం ఎక్కడ పెట్టాలి? ఇక్కడా? ఇంకా కిందకా? అయింది. చదవక్కర్లేదులే, నీ మీద నాకు నమ్మకముంది. వెళ్లి తపాలాలో ఇచ్చి, రసీదు తీసుకురా. ముందు టీ పెట్టిచ్చి వెళ్లు.

తా.క.

అయ్యా, పై సంతకం దాకా మా అన్నయ్య మాటలు. నోట్లోంచి వచ్చినదల్లా రాయమన్నాడు, రాశాను. వద్దన్నవి కూడా ఆయన నోట్లోంచే వచ్చాయి కనుక అవీ ఉన్నాయి. ఇక్కడి నుంచి రాసేది నేను. తమ కచేరీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మన్నించండి, బల్ల లేదు.

పంతులమ్మగారి తప్పేమీ లేదు. ఆవిడను ఏమీ అనకండి. "మీరు చెప్పండమ్మా" అని నన్ను ఒకరు అడిగి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. ఆ మంచితనానికి నోరు జారాను. అంతే తప్ప ఇంటి మీద ఆశతో కాదు. ఆ ఇల్లు నాకు వద్దు. దాని నేల ఎన్ని బండలో, ఏ బండ కింద మట్టి కుంగిందో తుడిచి తుడిచి నాకు తెలుసు, దాన్ని పంచుకోవాలని ఏనాడూ అనిపించలేదు.

కాని ఒళ్లు మండింది, అబద్ధమెందుకు. "చెల్లెలు" అనే మాటను కొట్టెయ్యమని నా చేతే రాయించుకున్నాడు. రాస్తూ రాస్తూ, ఇంకో రెండు పేరాలు అయ్యేసరికైనా అన్నయ్య మనసు మారుతుందని చూశాను. పలక సంగతి ఎత్తినప్పుడు ఇక ఆపేస్తాడనే అనుకున్నాను. ఆఖరి పేరా రాయమన్నాడు.

అందుచేత నా మనవి ఒకటి. అన్నయ్య కోరినట్టే దిద్దండి. నాకు అభ్యంతరం లేదు. ఇన్నాళ్లూ చెల్లెల్ని కాబట్టి గడప దాటలేకపోయాను. అన్నను వదిలేసి పోయిందని నలుగురూ దుమ్మెత్తిపోస్తారని భయం. పనిమనిషికి ఆ బెడద లేదు. ఒళ్లు బాగుంటే చేస్తుంది, లేకపోతే మానేస్తుంది. ఇంత తేలిక సంగతి ఇరవైరెండేళ్లలో నాకు తట్టలేదు. అన్నయ్యే చెప్పి రాయించాడు.

టీ పెట్టకుండానే వచ్చేశాను. ట్రంకు పెట్టె తెచ్చుకోలేదు, తుప్పు పట్టి మూత రావడం లేదు. రెండు చీరలు సంచిలో ఉన్నాయి. అన్నయ్య కంటి చుక్కల సీసాలు రెండు, ఒకదాని తరవాత ఒకటి ఎంతసేపటికి వెయ్యాలో వదినకు తెలియదు, కోడలికి తెలియదు. చెప్పి రావలసింది. గుమ్మం దాకా వచ్చి ఆగాను కూడా. లోపల్నుంచి "టీ ఏదే?" అన్నాడు. చెప్పకుండా దిగి వచ్చాను. ఇది పాపమే. తెలిసే చేశాను.

ఎక్కడికి పోతానో ఇంకా అనుకోలేదు. లెక్కింపు ఇంకా తొమ్మిది రోజులుందట. అరుగు మీదున్నా రాసుకుంటారని మా అన్నయ్యే మైకులో చెప్పాడు కనుక, ఎక్కడ కనబడితే అక్కడ రాసుకోమని తమ పంతులమ్మలకు చెప్పగలరు. ఈ కాగితం తపాలాలో వెయ్యడం లేదు, లోపలికి వచ్చి తమ గుమాస్తా చేతికే ఇస్తున్నాను. ఆ ఇంటి ఐదో వరుసలో పనిమనిషి అని దిద్దేటప్పుడు, పక్కన చోటుంటే "మానేసింది" అని కూడా రాయించండి.