తీగ ఎవరిది, ఛానెల్ ఎవరిది

గురువారం రాత్రి, గల్ఫ్‌లోని జింజ్

పొద్దున్నే మునిసిపాలిటీ వాళ్లు వచ్చి మా బిల్డింగు మీది కేబుల్ తీగలన్నీ కత్తిరించి పోయారు. అనుమతి లేదట. సాయంత్రమేమో, నాతో గదిలో ఉండే సత్యవతికి ఊళ్లో ఉన్న కూతురు తెలుగు ఛానెల్లో పాడే కార్యక్రమం ఉంది. ఆ ఛానెల్ ఫోన్‌లో ఇక్కడ రాదు.

మేం పనిచేసే ఇంటి మేడాన్ని బతిమాలి సెలవు తీసుకుని ఇద్దరం మునిసిపాలిటీకి పరిగెత్తాం.

"గోడ మీద తీగ వరకే మాది. కేబుల్‌కి లైసెన్సు మేం ఇవ్వం," అన్నాడు అక్కడి గుమాస్తా.

లైసెన్సుల ఆఫీసుకు వెళ్తే ముందు బిల్డింగు ఓనరే అర్జీ పెట్టాలన్నారు. ఓనరు "ఖలాస్", అంటే ఇక అయిపోయింది, అని ఫోన్ పెట్టేశాడు. తీగ లాగిన కేబుల్ భాయ్ అసలు ఫోనే ఎత్తలేదు. కత్తిరించడానికి అధికారం ఉన్నవాళ్లు ఉన్నారు గానీ, కలపమని చెప్పే నాథుడే లేడు!

చివరికి సత్యవతి ఇంటికి వీడియో కాల్ చేసి, టీవీకి ఎదురుగా ఫోన్ పట్టుకోమని అత్తగారికి చెప్పింది. ఆవిడ పట్టుకుంది, కెమెరాకి వేలు అడ్డం పెట్టి మరీ.

"పిన్నిగారూ, వేలు తియ్యండి!" అని అరిచాను.

సత్యవతి నా నోరు మూసేసింది. "ఊరుకోవే, పాట వినపడతంది కదా."

ఇద్దరం పాట చివరిదాకా విన్నాం. నాకు ఒళ్లు మాత్రం ఇంకా మండుతూనే ఉంది. ఆదివారం ఆఫీసులు తెరిచాక తీగ కోసం మళ్లీ తిరగడానికి సెలవడిగితే మేడం ఏమంటుందో…